కుంటి గుఱ్ఱపు బేరము

లోకమున బేరములు రెండు తెఱగులు. అమ్మువాడును కొనువాడును మాత్రమే లాభనష్టముల ననుభవించునవి కొన్ని. అమ్మబడు దానికే నొప్పి కలుగునవి మఱికొన్ని. బియ్యపు బస్తాలో ఱాళ్లు కలిసినచో కొన్నవాని పండ్లు కదలునుగాని బియ్యమునకు బాధ లేదు. ప్రాణముగల దానిని అమ్మునపు డట్లు కాదు. అచ్చట మోసము జరిగెనేని సొమ్ము పోగొట్టుకొనువా డొకడు, ప్రాణము పోగొట్టుకొనునది వేఱొకటి. ఈ భేదమును గుర్తింపని చట్టము ఎంత సూక్ష్మముగా వ్రాయబడినను అది న్యాయము కాజాలదని మా యభిప్రాయము.

ఈ మాటను మేము అమెరికా దేశపు గుఱ్ఱపు పందెములను గూర్చి చెప్పబూనితిమి. పందెములు జూదమునకు తోబుట్టువులనియు, మర్యాదగల గృహస్థులకు వానితో బని లేదనియు పాఠకులు కొందఱు మొగము త్రిప్పుకొనవచ్చును. జూదమును మేమును మెచ్చువారము కాము. అయినను ఒక దురాచారము నశించువఱకు దానియందలి క్రౌర్యమును చూచుచు నూరకుండుట సంస్కారాభిమానులకు తగదు. కల్లుదుకాణములు మూతపడువఱకు కల్లులో మత్తుమందు కలుపుటను సహింపుడని ఎవ్వరును చెప్పరు గదా! అదియునుగాక, మన తెలుగు కుటుంబములు వేలకొలది నేడు న్యూయార్కు, కాలిఫోర్నియా మొదలగు రాష్ట్రములలో స్థిరపడి, పౌరులై, ఓటర్లై యున్నవి. అచ్చటి చట్టముల మంచిచెడ్డలకు వారు బాధ్యులు. వారి యింటికి వచ్చు పత్రికలో ఈ విషయము చర్చించుట అప్రస్తుతము కాదు.

ఆ దేశమున దినదినము జరుగు పందెములలో పెక్కింటికి క్లెయిమింగు పందెములని పేరు. వాని యేర్పాటు ఇట్టిది. పందెమున కొక వెల నిర్ణయింతురు. అది 10,000 డాలర్లనుకొందము. అందు పరుగెత్తు ప్రతి గుఱ్ఱమును ఆ వెలకు అమ్మకమునకు పెట్టినట్లే. కొనదలచినవాడు పందెమునకు ముందే సొమ్ము జమకట్టి, గుఱ్ఱపు పేరు వ్రాసిన కాగితమును పెట్టెలో వేయవలెను. ఒకే గుఱ్ఱమును పలువురు కోరినచో చీట్లు తీసి ఒకనికి నిత్తురు. పందెము ముగిసిన పిమ్మట గుఱ్ఱము కొన్నవానిది. ఆనాటి బహుమానము మాత్రము పాత యజమానునిది. ఈ యేర్పాటు వెనుక నొక తెలివి కలదు. 50,000 డాలర్ల విలువగల గుఱ్ఱమును 10,000 డాలర్ల గుఱ్ఱముల నడుమ దింపి సునాయాసముగా గెలువజూచు లోభికి, దానిని ఎవడో 10,000 డాలర్లకే తన్నుకొనిపోవునను భయముండును. ఆ భయమే సమానబలము గల గుఱ్ఱముల నొకచోటికి చేర్చును.

అయితే ఈ యుపాయము ముందు వాకిట కాపలా పెట్టి పెరటి తలుపు తెఱచి విడిచినది. మంచి గుఱ్ఱమును చౌక పందెమునకు దింపువానిని ఇది యాపినది గాని, చెడిన గుఱ్ఱమును వదలించుకొన జూచువానిని ఆపలేదు. కొనువాడు గుఱ్ఱమును తాకి చూడరాదు. తన వైద్యుని చేత కాలు పట్టి చూపించుకొనరాదు. పందెమునకు ముందు దానిని నడిపించునపుడు దూరమునుండి చూచుటయే యతని పరీక్ష. మన పల్లెరైతు సంతలో ఎద్దును కొనునపుడు పండ్లు చూచును, గిట్టలు చూచును, నడిపించి చూచును, కాడి వేసి చూచును. నీళ్లలోని బఱ్ఱెను బేరమాడినట్లని మనవారు ఎగతాళి చేయు బేరము అచ్చట రాజమార్గమైనది. పైగా పూర్వపు నియమము ననుసరించి, ద్వారము తెఱచుకొని గుఱ్ఱము ముందునకు దుమికిన క్షణముననే స్వామ్యము కొన్నవానికి సంక్రమించెడిది. నూఱు గజములు పోకమునుపే దాని కాలు విఱిగి, చుట్టును తెరలు కట్టి సూదిమందుతో దానిని చంపవలసివచ్చినను, సొమ్ము అమ్మినవానిది, కళేబరము కొన్నవానిది.

ఈ నియమము మనుష్యుని నెట్టి పనికి పురికొల్పునో విచారింపుడు. గుఱ్ఱమును సాకు ట్రెయినరు ప్రతి యుదయము దాని కాళ్లు తడవి చూచును. ఏ కీలు వేడెక్కినదో, ఏ కాలిమీద భారము మోప జంకుచున్నదో, వాపు నణచు మందును ఆ కీలులోని కెన్నిమాఱు లెక్కించిరో అతడెఱుగును. అతని ముందు రెండు దారులు. గుఱ్ఱమును పందెములనుండి తప్పించి నెలలకొలది విశ్రాంతి నిచ్చుట యొకటి. ఆ నెలలలో మేతకును కొట్టమునకును వైద్యునకును ఖర్చేగాని రాబడి లేదు. నొప్పి తెలియకుండ మందిచ్చి, వెల తగ్గించి, చౌక పందెమున పరుగెత్తించుట రెండవది. వెల పడుట చూచి ఆశపడువాడొకడు దొరకకపోడు. కాలు నిలిచినచో వెలయును, ఒకవేళ బహుమానమును దక్కును. కాలు విఱిగినను వెలకు లోటు లేదు. ఎట్లయినను నష్టము తనది కాదు. అందఱు యజమానులు ఇట్టివారని మేమనుట లేదు. గుఱ్ఱమును బిడ్డవలె చూచుకొనువారు ఆ వృత్తిలో నెందఱో కలరు. కాని ధర్మాత్ములు నష్టపడునట్లును, నిర్దయులు లాభపడునట్లును నియమములు వ్రాసి, ధర్మమును మనుష్యుల మంచితనమునకు వదలిపెట్టుట చట్టము చేయవలసిన పని కాదు.

ఈ వాదము ఊహామాత్రమనువారు న్యూయార్కు నగరమందలి అక్విడక్టు మైదానపు వృత్తాంతమును చదువవలెను. 2011 అక్టోబరులో ఆ మైదానము ప్రక్కనే జూదపు యంత్రశాల తెఱవబడెను. దాని రాబడిలో కొంత భాగము పందెపు బహుమానములకు చేరుటచే బహుమానములు ఉన్నట్లుండి పెరిగినవి. చౌక గుఱ్ఱముల వెలలు మాత్రము పెరుగలేదు. గుఱ్ఱపు వెలకంటె అది గెలువదగిన బహుమానము ఎన్నో రెట్లు హెచ్చైనపుడు, దానిని కాపాడుకొనుటకంటె ఒక్కసారి పరుగెత్తించుటయే లాభసాటి యగును. ఆ చలికాలపు పందెములు 2012 మార్చిలో ముగియునప్పటికి 21 గుఱ్ఱములు చచ్చినవి. గవర్నరు విచారణసంఘము నేర్పరచగా, ఆ సంఘము 2012 సెప్టెంబరులో నివేదిక ప్రకటించెను. ఆ మరణములలో సగమునకు పైగా నివారింప వీలుండెనేమో యని అది తలంచినది. బహుమానమునకును వెలకును గల అసమానతను, క్లెయిమింగు నియమముల లోపమును వేలెత్తి చూపినది. మైదానమున చచ్చిన గుఱ్ఱముపై క్లెయిము చెల్లదను నియమము న్యూయార్కులోను ప్రవేశించెను. జూదపు యంత్రములనుండి వచ్చిన ధనము జూదపు జంతువుల మీదికే మృత్యువై వచ్చుట, జూదము ఎవనిని గాని ఉపకరించి విడువదను మాటకు నిదర్శనము.

తరువాత దేశమంతటికి నొక చట్టము వచ్చెను. 2020 డిసెంబరులో అమెరికా కాంగ్రెసు గుఱ్ఱపు పందెముల నిజాయితీని, భద్రతను గూర్చిన శాసనమును చేసెను. దాని క్రింద ఏర్పడిన అధికారసంస్థయొక్క భద్రతానియమములు 2022 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినవి. వానిలో క్లెయిము రద్దగు సందర్భము లిట్లు చెప్పబడినవి. గుఱ్ఱము మైదానముననే చచ్చినను, మైదానము దాటకమునుపే దానిని చంపవలసివచ్చినను, అధికార పశువైద్యుని నిర్ణయముచే బండిమీద తరలింపబడినను క్లెయిము చెల్లదు. పందెము ముగిసిన గంటలోపల ఆ వైద్యుడు గుఱ్ఱమును పరీక్షించి, రక్తము కక్కినదనియో, కుంటుచున్నదనియో, కాళ్లు సరిగా లేవనియో పట్టికలో చేర్ప నిశ్చయించినను చెల్లదు. నిషిద్ధమైన మందు దాని శరీరమున బయటపడినను చెల్లదు. క్లెయిమైన ప్రతి గుఱ్ఱమును పరీక్షాశాలకు తీసికొనిపోవలసినదే. క్లెయిము రద్దైనచో గుఱ్ఱము పాత యజమానునిదే. సొమ్ము కొనవచ్చినవానికి తిరిగి చేరును. పట్టికలో చేరిన గుఱ్ఱము వైద్యుని యనుమతి లేక మరల పందెమున దిగరాదు. ఈ నియమమును మేము మనఃపూర్వకముగా మెచ్చుకొనుచున్నాము. ఎఱిగినవానిపై నష్టమును మోపుటయే దీని ప్రాణము. కుంటిగుఱ్ఱమును దింపినచో అది మరల తన కొట్టమునకే వచ్చునని తెలిసినపుడు, దింపుటకు చేయి వెనుకాడును.

దీనిపై ఆక్షేపణలు లేకపోలేదు. కొనువాడు కన్నులు తెఱచికొని కొనవలెను, స్వేచ్ఛగా చేసికొన్న ఒప్పందమున ప్రభుత్వమున కేమి పని యని కొందఱందురు. కన్నులు తెఱచికొనుటకు ముందు గంతలు విప్పవలెను గదా! తాకి చూచు హక్కులేని బేరమున జాగ్రత్తను బోధించుట గ్రుడ్డివానికి అద్దమిచ్చుట వంటిది. అమ్మువానికి మాత్రమే సరుకు గుణము తెలిసిన అంగడిలో చెడ్డ సరుకే నిలిచి మంచి సరుకు తొలగిపోవునని ఆర్థికశాస్త్రజ్ఞుడు అకెర్లాఫు పాత మోటారు బండ్ల యుదాహరణముతో 1970లో నిరూపించెను. అందులకే 2001లో నోబెలు బహుమాన గౌరవమునందు భాగియయ్యెను. మఱియు ఒప్పందమన నిద్దఱి సమ్మతి. ఇచ్చట కాలు ఎవరిదో, వీపుమీద కూర్చున్న జాకీ ఎవరో ఆలోచింపవలదా? గుఱ్ఱము కూలినచో జాకీ క్రిందపడును. వెనుక వచ్చు గుఱ్ఱములు అతనిపైబడును. ఆ యిద్దఱి సమ్మతి నెవరడిగిరి?

కాలు విఱుగుట దైవికము, బయలుదేరునప్పుడు ఆరోగ్యముగానున్న గుఱ్ఱము దారిలో తొట్రుపడినచో అమ్మినవాని తప్పేమని మఱికొందఱందురు. పందెములలో చచ్చిన గుఱ్ఱములకు శవపరీక్ష చేయు పద్ధతి కాలిఫోర్నియాలో 1990లో ఆరంభమైనది. దానివలన తేలిన ముఖ్యవిషయ మేమనగా, ప్రాణాంతకముగ విఱిగిన యెముకలలో పెక్కింటియందు ఆ విఱుగు చోటనే అంతకుముందే వ్యాధి కలదు. పగులు ముందు పుట్టును, పతనము తరువాత వచ్చును. కావున దైవికమను పేరుతో పిలువబడుచున్నది తఱచుగా చూచియు చూడనట్లుండుటయే. గుఱ్ఱమునకు మోకాటి క్రింద కండలు లేవు. ఎముకయు స్నాయువులును చర్మమును మాత్రమే. సుమారు 500 కిలోగ్రాముల దేహము ఆ సన్నని కాళ్లపై పరుగెత్తవలెను. కాలు విఱిగినచో మనుష్యునివలె పరుండి మాన్పుకొనుట దానికి సాధ్యము కాదు. మిగిలిన కాళ్లపై నిలిచి నిలిచి ఆ గిట్టలును చెడును. అందుచే మనుష్యునికి మూడునెలల మంచము తెచ్చిపెట్టు గాయము గుఱ్ఱమునకు మరణశాసనమగుచున్నది.

పందెము నాటి ఉదయము అధికార వైద్యుడు గుఱ్ఱములను చూచుచునే యున్నాడు గదా యని మూడవ ఆక్షేపణ. చూచుచున్నాడు, కాని కొన్ని నిమిషములు మాత్రమే చూచును. నడిపించినప్పుడు దాగిన నొప్పి పరుగెత్తినప్పుడు బయటపడును. యజమానుడు ప్రతిదినము చూచినదానిని వైద్యుడు ఒక్క యుదయమున కనిపెట్టలేకపోయిన, ఆ యజ్ఞానము యజమానునికి రక్షణ కారాదు.

ఈ నియమమువలననే సర్వము చక్కబడెనని చెప్పుట సత్యదూరము. పందెపు నేలల పరీక్ష, మందులపై కట్టుబాటు మొదలగు పెక్కు సంస్కారములు దానితో కూడ వచ్చినవి. కాని అన్నిటి ఫలము లెక్కలలో కనబడుచున్నది. దేశవ్యాప్తముగా లెక్కలు సేకరింప నారంభించిన 2009లో, పందెమున దిగిన ప్రతి 1,000 మాఱులకు 2.00 మరణములు. ఈ క్రొత్త అధికారసంస్థకు లోబడిన మైదానములలో 2024వ సంవత్సరమున అది 0.90. నియమములు వృథా, పందెమన్న చావులు తప్పవని నిట్టూర్చినవారికి ఈ యంకెలే సమాధానము.

ఇక మా ముఖ్యవివాదమునకు వచ్చుచున్నాము. ఇంత మంచి నియమమునకు చివర నొక వాక్యమును తగిలించిరి. కొనువాడు పందెమునకు ముందుగానే, వైద్యుడు గుఱ్ఱమును పట్టికలో చేర్చినను, నిషిద్ధమైన మందు బయటపడినను తనకు గుఱ్ఱము కావలసినదేయని ఎన్నుకొన్నయెడల క్లెయిము రద్దు కాదట! చెఱువునకు కట్ట కట్టి, ఆ కట్టకు గండి పెట్టు హక్కును ఇష్టమైనవారికి పంచిపెట్టినట్లున్నది. ఈ నియమము కొనువానిని కాపాడుటకు మాత్రమే పుట్టినదైనచో, ఆ రక్షణ వలదనుకొను స్వేచ్ఛ అతనికుండుట సహజమే. కాని గుఱ్ఱమును కాపాడుటయే దాని ప్రయోజనమని పందెపు భద్రతను గూర్చిన నియమములలో దానిని చేర్చుటచేతనే తేలుచున్నది. గుఱ్ఱపు రక్షణను కొనువాడెట్లు వదలుకొనును? ఒకని ఋణమును మఱియొకడు మాఫీ చేయగలడా?

దీని ఫలము ఊహించుట కష్టము కాదు. కుంటిగుఱ్ఱమును దింపువాని చేతిని వెనుకకు లాగునది, అది తిరిగి వచ్చునను నిశ్చయము. ఎవడో ఒకడు రక్షణ వలదని వ్రాసి యుండవచ్చునను ఆశ చిగిర్చినంతనే ఆ నిశ్చయము సడలును. ఆశ యొక్కటి చాలును. జూదగాని కంతకంటె నేమి కావలయును?

కొందఱు కొనువారు ఆడుగుఱ్ఱమును పందెములకు గాక సంతానము కొఱకు కోరుదురనియు, అది కుంటినదైనను వారికి పనికివచ్చుననియు ఈ వాక్యమును సమర్థింతురు. అట్లయినచో ఆ గుఱ్ఱమును పరుగెత్తింపనేల? యజమానునికడకు పోయి, వైద్యునిచే చూపించి, తగిన వెల యిచ్చి కొనిపోవచ్చును. ఈనుటకు కావలసిన తల్లిని, కాలు విఱుగునేమోయను సందేహముండగానే పందెపు బాటపై పరుగెత్తించి, ఆ పిమ్మట ఇంటికి తోలుకొనిపోవుట ఏ శాస్త్రమో మాకు బోధపడలేదు.

రెండవ లోపము గంట గడువు. పరుగు వేడిలోను, లోనున్న మందుల బలముచేతను గుఱ్ఱమునకు నొప్పి వెంటనే తెలియదు. శరీరము చల్లబడిన తరువాత, మఱునాటి యుదయము కొట్టమునుండి వెలుపలికి నడిపించునపుడు అది కాలు ఎత్తుకొనును. అప్పటికి గంట గడచి యెంత కాలమైనదో! ఈ విషయమున ప్రాచీనులు మనకంటె తెలివిగా నాలోచించిరి. బరువు మోయు పశువును పరీక్షించి చూచుకొనుటకు యాజ్ఞవల్క్యస్మృతి అయిదు దినముల గడు విచ్చినది. కౌటిల్యుని అర్థశాస్త్రము చతుష్పాత్తులను మూడు పక్షములలోపల తిరిగి యిచ్చివేయవచ్చుననియు, వాని గుణదోషములు తెలియుట కా కాలము చాలుననియు చెప్పినది. రోగముగల పశువును ఆరోగ్యముగలదని చెప్పి అమ్మినవానికి జరిమానా విధించినది. రోము నగరపు సంతల నేలిన అధికారుల శాసనము పశువుల రోగములను, దోషములను అమ్ముటకు ముందే ప్రకటింపవలెనని ఆజ్ఞాపించి, అట్లు చేయనియెడల ఆఱుమాసములలోపల బేరము త్రిప్పివేయ నంగీకరించినది. ఈ ప్రాచీనశాసనములే దాసీదాసులనుగూడ పశువులతోపాటు అమ్మకపు పట్టికలో చేర్చిన పాపమును మోయుచున్నవి. దానిని మేము కప్పిపుచ్చము. ప్రాచీనమగుటచేతనే ఒకటి గ్రాహ్యము కాదు. కాని పశువు దోషము బయటపడుటకు కాలము పట్టునను సత్యము యంత్రములులేని ఆ కాలపువారికే తెలిసియుండగా, ఎముక లోపలిని చూపు యంత్రములు గల యీ కాలపువారికి గంటతో తృప్తి కలుగుట వింత.

కావున మేము కోరునవి మూడు. కొనువాడు రద్దును వదలుకొనవచ్చునను వాక్యమును నియమమునుండి తొలగింపవలెను. పరీక్షాకాలమును మఱునాటి యుదయపు నడకవఱకైనను పొడిగింపవలెను. గుఱ్ఱమునకు చేసిన చికిత్సల పత్రమును బేరము తరువాత గాక, కాగితము పెట్టెలో వేయుటకు ముందే కొనదలచిన వారందఱకును చూపవలెను. ఈ మూడింటివలన పందెములు నిలిచిపోవు. యజమానులు దివాలా తీయరు. చెడిన గుఱ్ఱమును పైవాని నెత్తిన రుద్ది బ్రతుకు వ్యాపారమొక్కటి నిలిచిపోవును.

ఇట్టి కట్టుబాట్లు హెచ్చినకొలది చిన్న యజమానులకు బ్రతుకు భారమగునని కన్నీరు పెట్టువారి కొక్క మాట. గుఱ్ఱమును పోషింపలేనివాడు దానిని ఉంచుకొనుట మానవలెను; పోషింపలేమిని దాని కాలి యెముకపై పన్నుగా విధింపరాదు. నోరుగల మనుష్యుని విషయమున అన్యాయము జరిగినచో అతడు న్యాయస్థానమున కేగును, పత్రికలకు వ్రాయును, కనీసము శాపనార్థములు పెట్టును. గుఱ్ఱము కుంటుట మాత్రమే ఎఱుగును. ఆ కుంటుటయే దాని వాఙ్మూలము. దానిని విని తీర్పు చెప్పుటకై వైద్యుని కూర్చుండబెట్టిన తరువాత, ఆ తీర్పు తమకు పట్టదని ముందుగానే వ్రాసి యిచ్చువారి సంతకములను చట్టము చేత బట్టుకొని నిలువబడుట, ఆ చట్టమునకు గౌరవము కాదు.